బతికిన పిల్లలు ఏ పద్దులో?

రోడ్డు ప్రమాదంలో తల్లో తండ్రో చనిపోతే, ఆ ప్రేమ ఇక దొరకదు గనక బిడ్డకు ఎంత ఇవ్వాలో మన న్యాయస్థానాలు తేల్చి పెట్టాయి. 40,000 రూపాయలు. జీవిత భాగస్వామి తోడు కోల్పోయినందుకు ఇంత అని 2017లో ప్రణయ్ సేఠీ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఖరారు చేసింది. మూడేళ్లకోసారి పది శాతం పెంచమని కూడా చెప్పింది. ఆ నష్టం భార్యాభర్తలకే కాదు, పిల్లలకూ ఉంటుందని మరుసటి ఏడు మాగ్మా ఇన్సూరెన్స్ కేసులో అదే కోర్టు ఒప్పుకుంది. ఆ మొత్తం మరీ తక్కువని తప్పు పట్టడం తేలిక. అంతకంటే ముందు చూడాల్సింది వేరే ఉంది. అమ్మానాన్నలు పోయిన పిల్లల దుఃఖానికి ఈ వ్యవస్థలో ఒక పద్దు అంటూ ఉందంటే దాదాపు ఇదొక్కటే. అది కూడా బిడ్డ చేతికి రాదు. మైనరు వాటా గనక బ్యాంకులో వేస్తారు. మేజరయ్యాక తీసుకోవాలి.

కర్నూలు, కడప జిల్లాలకు 2021 ఎట్లాంటి ఏడాదో ఒకసారి గుర్తు చేసుకుందాం. ఫిబ్రవరి 14 తెల్లవారుజామున, మదనపల్లె నుంచి అజ్మీర్ దర్గాకు బయలుదేరిన టెంపో ట్రావెలర్ వెల్దుర్తి మండలంలో 44వ నంబరు జాతీయ రహదారి మీద డివైడర్ దాటి అవతలి పక్క లారీని గుద్దుకుంది. 14 మంది చనిపోయారు. బతికింది నలుగురు, నలుగురూ పిల్లలే. మే 8న కలసపాడు మండలం మామిళ్లపల్లె దగ్గర ముగ్గురాయి గనిలో జిలెటిన్ కడ్డీలు పేలి పది మంది పోయారు. నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట ఊళ్ల మీద పడింది. ముప్పై మందికి పైగా బలయ్యారు. వీటి నడుమ కరోనా రెండో విడత ఇంటింటినీ తడిమి పోయింది. ఏడాది తిరిగేసరికి మనకు మిగిలిన లెక్క ఎన్ని శవాలు, ఎన్ని లక్షలు, ఎన్ని ఇళ్లు, ఎన్ని పశువులు. పాడి గేదెకు ఇంత, మేకకు ఇంత అని విపత్తు సాయం పట్టికలో వివరంగా రాసి ఉంటుంది. రాత్రిపూట నీళ్ల చప్పుడు వింటే ఉలిక్కిపడి లేచే బిడ్డకు ఆ పట్టికలో గడి లేదు.

వెల్దుర్తి ప్రమాదంలో బయటపడ్డ పిల్లలను ఆసుపత్రికి తరలించారు, గాయాలకు వైద్యం చేశారు. అంతవరకు యంత్రాంగం పనిచేసింది. ఆ తర్వాత అట్లాంటి పిల్లల దగ్గరికి ఎవరు పోవాలి? ఆరు నెలలకు ఒకసారి తలుపు తట్టి ‘ఎట్లున్నావు నాయనా’ అని అడగాల్సింది ఏ ఆఫీసు? బాలల సంక్షేమ కమిటీ ఉంది, జిల్లా బాలల సంరక్షణ విభాగమూ ఉంది. వాటి గడప దాకా బిడ్డ రావాలంటే మామూలుగా ఎవరూ లేని బిడ్డ అయి ఉండాలి. మేనమామో జేజో ‘మా దగ్గర పెట్టుకుంటాం’ అన్నారంటే చాలు, ప్రభుత్వం దృష్టిలో ఆ సమస్య తీరిపోయింది. ఆ మేనమామకు తోడబుట్టినది పోయింది, ఆ జేజికి కడుపున పుట్టినవాడు పోయాడు. వాళ్లే ఇంకా నేల మీద కూలబడి ఉన్నారు. బిడ్డను వాళ్ల మీద పెట్టి మనం తప్పుకున్నాం.

రాయలసీమ పేరు చెప్పి తెలుగు సినిమా డబ్బు చేసుకున్న రోజుల్లో ఒక దృశ్యం తప్పనిసరిగా ఉండేది. పసివాడి కళ్లెదుటే తండ్రిని నరుకుతారు. కెమెరా పిల్లవాడి కళ్ల మీదికి వస్తుంది. కట్ చేస్తే ఇరవై ఏళ్ల తర్వాత. సుమోలోంచి హీరో దిగుతాడు. ఆ నడిమి ఇరవై ఏళ్లూ వాడు ఎవరింట్లో తిన్నాడు, ఎవరి పాత చొక్కా తొడుక్కున్నాడు, ఎన్నేళ్ల దాకా పక్క తడిపాడు, బడిలో ‘నాన్న పేరు’ అని అడిగినప్పుడు ఏం చెప్పాడు, అవన్నీ ఎడిటర్ కత్తెర కింద పోయాయి. సినిమాకు ఆ హక్కు ఉంది. ప్రభుత్వాలకు లేదు. అయినా అధికారంలో ఏ జెండా ఉన్నా మన పథకాలు ఇదే కత్తిరింపుతో తయారవుతున్నాయి.

కరోనా కాలమే చూడండి. 2021 మేలో రాష్ట్ర ప్రభుత్వం, తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్న పిల్లల పేరిట పది లక్షలు డిపాజిట్ చేస్తామంది. అసలు తీసుకునేది పాతికేళ్లు నిండాక. అదే నెలాఖరున కేంద్రం పీఎం కేర్స్ కింద ఇంకో పది లక్షలు ప్రకటించింది. అది ఇరవై మూడేళ్లకు. చదువు, ఆరోగ్య బీమా కూడా కలిపారు గనక ఆ పథకాన్ని పూర్తిగా తీసిపారేయలేం. కానీ ఏడేళ్ల పిల్లకు పాతికేళ్లు నిండాలంటే పద్దెనిమిదేళ్లు కావాలి. బ్యాంకులో సొమ్ము పద్ధతిగా వడ్డీ కట్టుకుంటూ ఉంటుంది. అమ్మానాన్నలు లేని ఆ పిల్ల తొలి రాత్రి, మొదటి దసరా సెలవులు, పెద్దమనిషి అయిన రోజు, పదో తరగతి ఫలితాలు, వీటికి డిపాజిట్ రసీదు పనికి రాదు. పైగా తండ్రి ఒక్కడే పోయి తల్లి మిగిలితే ఆ బిడ్డ అనాథ జాబితాకే ఎక్కదు. తల్లి ఉంది కదా అంటారు. ఆ తల్లికి ఎవరున్నారు?

రైతు ఆత్మహత్యల ఇళ్లలో ఇంకా దారుణం. పత్తికొండ, ఆలూరు, ఆదోని పక్క ఏ ఊరికి పోయినా అట్లాంటి ఇల్లు ఒకటైనా చూపిస్తారు. 2004లో వచ్చిన 421 నంబరు జీవో ఆ కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారానికి యాభై వేలు అంది. 2015లో ఆ సాయం ఐదు లక్షలయింది, 2019లో ఏడు లక్షలకు చేరింది. అంకె పెరిగింది, తతంగం మాత్రం అదే. ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ అధికారి కలిసిన కమిటీ ఇది ‘అసలైన’ రైతు ఆత్మహత్యేనని తేల్చాలి. భూమి ఎవరి పేర ఉంది? కౌలుకు రుజువేముంది? అప్పు బ్యాంకుదా, షావుకారుదా? మనిషికి తాగుడుందా? ఆలుమగల మధ్య పోట్లాటలున్నాయా? ఈ ప్రశ్నలు అడిగేది ఇంటి ముందర అరుగు మీద. గడప పట్టుకుని నిలబడి వినేది పిల్లలు. ఎఫ్ఐఆర్‌లో ‘కడుపునొప్పి తాళలేక’ అని పడిందంటే సాయం మీద ఆశ వదులుకోవాల్సిందే. కాబట్టి నాయన అప్పుకే చచ్చిపోయినాడని ఇంటివాళ్లు నిరూపించుకోవాలి. ప్రాంసరీ నోట్లు, పాసుపుస్తకం, శవపరీక్ష నివేదిక, అన్నిటికీ జిరాక్సులు తీయించుకుని తహసీల్దారు ఆఫీసుకు తిరిగేది ఇంట్లో నాలుగు అక్షరాలు వచ్చిన మనిషి. చాలా ఇళ్లలో ఆ మనిషి పదో తరగతి కొడుకు, లేకుంటే ఇంటర్ చదివే కూతురు. తండ్రి చావును రుజువుగా సంచిలో పెట్టుకుని తిరిగే ఆ బిడ్డకు ఏడ్చే తీరిక ఎప్పుడు దొరికింది?

ఆ తర్వాత తల్లి సుగ్గికి పోతుంది. కోసిగి, మంత్రాలయం ఊళ్ల నుంచి గుంటూరు పక్క మిరప కోతలకు, పత్తి తీయడానికి లారీలెక్కి పోవడం పడమటి కర్నూలులో ఏటా జరిగేదే. పిల్లను అవ్వ దగ్గర వదిలిపెడుతుంది, లేదంటే వెంట తీసుకుపోయి బడి మాన్పిస్తుంది. తండ్రి పోయిన కొన్ని నెలలకే తల్లి కూడా కనబడకపోతే, ఆమె మళ్లీ వస్తుందని ఆ పిల్ల ఎట్లా నమ్మాలి? ‘పిల్ల ఊరికే మొండికేస్తాంది, అన్నం తినదు, అవ్వ కొంగు వదలదు’ అని ఇరుగుపొరుగు అనుకుంటారు. అది మొండితనం కాదు, లెక్క. ఇంట్లోంచి బయటికి పోయినోళ్లు తిరిగి రావడం లేదని ఆ పిల్ల తనకు తాను కట్టుకున్న లెక్క.

అమెరికాలో బోస్టన్ ప్రాంతంలో ఫిలిస్ సిల్వర్‌మన్, విలియం వర్డెన్ అనే ఇద్దరు పరిశోధకులు, తల్లో తండ్రో పోయిన 70 కుటుంబాల్లోని 125 మంది పిల్లలను రెండేళ్ల పాటు గమనించారు. ఎక్కువ మంది నిలదొక్కుకున్నారు. ఇది మంచి మాట, మనం గుర్తు పెట్టుకోవాల్సిన మాట. అయితే కొందరి ఇబ్బంది మొదటి ఏడు కంటే రెండో ఏడు ఎక్కువగా బయటపడింది. బిడ్డ ఎట్లా ఉంటుందన్నది మిగతా అన్నిటికంటే, మిగిలిన తల్లి లేదా తండ్రి ఎట్లా ఉన్నారన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడింది. ఈ రెండు సంగతులూ తెలిసిన ప్రభుత్వం ఏం చేస్తుంది? మొదటి వారంలో వచ్చి చెక్కు ఇచ్చి పోదు, రెండో ఏడాదిలో కూడా వస్తుంది. బిడ్డ కోసం తల్లిని నిలబెడుతుంది. నెలకు 4,000 వితంతు పింఛను ఇస్తున్నాం కదా అనొచ్చు. ఇవ్వాల్సిందే. కానీ ఆ డబ్బుతో సుగ్గికి పోకుండా ఇంటి పట్టున ఉండగలిగిన తల్లి ఎక్కడుందో చూపించండి. మిషన్ వాత్సల్య కింద బిడ్డకు నెలకు మరో 4,000 వచ్చే దారి ఉంది. పల్లెలో ఏడాది ఆదాయం 72,000 దాటకూడదనే నిబంధన ప్రకారం చూసినా ఈ ఇళ్లలో చాలా వరకు దానికి అర్హమైనవే. ఆ పథకం పేరు ఎన్ని ఇళ్లకు తెలుసు? చావు ఇంటికి వచ్చిన ఏ అధికారి ఆ దరఖాస్తు చేతబట్టుకుని వచ్చాడు?

ప్రభుత్వాన్ని తిట్టి చేతులు కడుక్కోవడానికి వీల్లేదు. నేరంలో ఇంటికీ వీధికీ వాటా ఉంది.

హాస్టల్లో ఉన్న పిల్లకు వార్డెన్ చెబుతుంది, ‘మీ నాయనకు ఒంట్లో బాగలేదంట, మీ చిన్నాయన వచ్చినాడు, బ్యాగు సర్దుకో’ అని. బస్సులో చిన్నాయన కిటికీ బయటికి చూస్తుంటాడు, మాట్లాడడు. పిల్ల రెండుసార్లు అడిగి ఊరుకుంటుంది. వీధి మలుపు తిరగ్గానే షామియానా కనబడుతుంది, ప్లాస్టిక్ కుర్చీలు కనబడతాయి. పెద్దవాళ్లు ఇంతమంది ఉండి, నాయన పోయినాడనే మాటను ఆ పిల్లకు చెప్పింది చివరికి షామియానా. దీన్ని మనం దయ అనుకుంటున్నాం. పిల్ల తట్టుకోలేదని అంటాం. నిజానికి తట్టుకోలేనిది మనం. ఆ మాట మన నోటితో అనలేక బిడ్డను మోసం చేస్తున్నాం, దానితో పాటు ఆ చిన్నాయన మాటకు జీవితాంతం విలువ లేకుండా చేస్తున్నాం.

చిన్నపిల్లలకైతే అబద్ధాలు ఇంకా ధారాళంగా చెబుతాం. ‘ఊరికి పోయినాడు.’ ‘నిద్రపోతాండాడు.’ ‘దేవుడు తీసుకుపోయినాడు.’ నాలుగైదేళ్ల బిడ్డకు చావంటే తిరిగి రాకపోవడమని ఇంకా తెలియదు. ఊరికి పోయినవాడు రావాలి కదా, వాకిట్లో కూర్చుని చూస్తుంది. నిద్రపోతున్నాడని చెబితే తనను నిద్రపుచ్చే వేళకు ఏడుస్తుంది, ఎందుకో మనకు అర్థం కాదు. ఆరేడేళ్లొచ్చాక ఇంకో బాధ మొదలవుతుంది. ఆ వయసు పిల్లలు లోకంలో జరిగేదంతా తమ చుట్టూ తిరుగుతుందనుకుంటారు. ‘ఆ పొద్దు నేను అమ్మను తిట్టినా, అందుకే సచ్చిపోయింది’ అని మనసులో పెట్టుకున్న పిల్లవాడు ఆ మాట ఎవరితోనూ అనడు. అడిగేవాళ్లు లేకుంటే ఆ నేరం వాడి లోపలే ముదురుతుంది. చావుకు కారణం గుండెపోటు, లారీ, వాగు, నువ్వు కాదు అని ఒక పెద్ద మనిషి స్పష్టంగా చెప్పడానికి ఎంత ఖర్చవుతుంది?

కడప, రాయచోటి, రాజంపేట పక్కన కువైట్ ఇళ్లలో సంగతి వేరు. అక్కడ తండ్రి, చాలా ఇళ్లలో తల్లి, ఏళ్ల తరబడి ఫోన్లో గొంతు మాత్రమే. ఆ మనిషి అక్కడ చనిపోతే కాగితాలు తేలి పెట్టె ఇంటికి చేరడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడతాయి. ఈలోగా ‘అమ్మకు డ్యూటీ ఎక్కువైంది, ఫోన్ చేయలేదు’ అని బిడ్డకు చెప్పడం చాలా సులువు. బిడ్డకు జరిగింది ఏమిటి? రోజూ మోగే ఫోను మోగడం మానేసింది, అంతే. చిన్నటేకూరు బస్సు ప్రమాదంలో పోయినవాళ్ల ఇళ్లలోనూ ఇట్లాంటి ఎదురుచూపే. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున హైదరాబాదు నుంచి బెంగళూరుకు పోతున్న బస్సు కర్నూలు దగ్గర తగలబడి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. శరీరాలు ఎవరివో డీఎన్ఏ పరీక్షలతో తేల్చాల్సి వచ్చింది. స్లీపరు బస్సు కట్టిన తీరు, పర్మిట్లు, అద్దాలు పగలగొట్టే సుత్తి, అన్నిటి మీదా చర్చ జరిగింది, జరగాల్సిందే. ముఖం చూడనివ్వని చావును ఇంట్లో పిల్లలకు ఎట్లా చెప్పాలన్నది ఎవరి చర్చలోకీ రాలేదు.

పదమూడు, పద్నాలుగేళ్ల మగపిల్లవాడికి మనం వేసే శిక్ష ఇంకొకటి. చేతికి కుండ ఇచ్చి తలకొరివి పెట్టిస్తాం, గుండు చేయిస్తాం, ఆ గుండు మీదే చెయ్యి పెట్టి ‘ఏడ్చద్దప్పా, ఇకమీదట నువ్వే ఇంటికి పెద్దదిక్కు, మీ అమ్మను, చెల్లెల్ను నువ్వే చూసుకోవాల’ అంటాం. పక్కనున్నవాళ్లు తలలూపుతారు. వాడు ఆ మాటను నిజంగా నమ్ముతాడు, అదే చిక్కు. గుండుతో బడికి వస్తాడు, తరగతి అంతటికీ తెలుస్తుంది, ఒక్కరూ పలకరించరు. కొన్నాళ్లకు బడి మానేసి లారీ క్లీనరుగా ఎక్కితే ‘ఎంత బాధ్యత తెలిసిన బిడ్డ’ అని మెచ్చుకుంటాం. ఆడపిల్ల అయితే, ఏడాది లోపల ఇంట్లో శుభకార్యం జరగాలనే మాట లేస్తుంది. తండ్రి సంవత్సరీకం కూడా కాకముందే పెళ్లిపీటల మీద కూర్చున్న పదిహేను, పదహారేళ్ల పిల్లలను ఈ జిల్లాల్లో చూడనివాళ్లు లేరు. ఆ పిల్ల ఏడుస్తుంటే, అప్పగింతల ఏడుపనుకుంటారు.

మన పెద్దలకు ఒక సంగతి మాత్రం తెలుసు, దుఃఖం ఒకరోజుతో తీరదని. మూడో దినం, పెద్దదినం, నెల మాసికం, ఏడాదికి సంవత్సరీకం. ముస్లిం ఇళ్లలో జియారత్, నలభయ్యో దినం. క్రైస్తవుల ఇళ్లలో ఆదరణ కూడిక, ఏటా నవంబరులో సమాధుల దగ్గర కొవ్వొత్తులు. బంధువులు మళ్లీ మళ్లీ రావడానికి ఇదొక ఏర్పాటు. సిల్వర్‌మన్ బృందం రెండేళ్లు కూర్చుని కనుక్కున్న దాంట్లో కొంత మన అవ్వలు పంచాంగంలోనే రాసుకున్నారు. అయితే ఈ దినాలన్నీ పెద్దవాళ్లవే. పిల్లలను ఆరోజు పక్కింట్లో టీవీ ముందర కూర్చోబెడతారు, లేదంటే వడ్డనలో నీళ్ల గ్లాసులు పెట్టిస్తారు. చనిపోయిన మనిషి గురించి బిడ్డను నాలుగు మాటలు మాట్లాడనివ్వడం, వద్దంటే వద్దనివ్వడం, ఏ కర్మకాండలోనూ చేర్చుకోలేదు. చేర్చుకుంటే ఏ శాస్త్రమూ అడ్డుపడదు.

ఒక్క ఫ్యాక్షన్ ఇళ్లలోనే పిల్లల దుఃఖానికి నేరుగా ఒక చదువు చెప్పారు. పగ అనే చదువు. రక్తం అంటిన చొక్కా దాచిపెట్టి చూపించిన ఇళ్లున్నాయి. 2008 మేలో దేవనకొండ మండలం కప్పట్రాళ్ల వర్గాల మధ్య 11 మంది హతమయ్యారు. తర్వాత ఏళ్లలో కర్నూలు ఎస్పీగా వచ్చిన ఆకే రవికృష్ణ ఆ ఊరిని దత్తత తీసుకుని పనిచేశారు. ఒక అధికారి తలుచుకుంటే చేసిన పని అది, వ్యవస్థ చేసింది కాదు. బదిలీ మీద పోయే మనిషిని నమ్ముకుని ఎన్ని ఊళ్ల పిల్లలు పెరగాలి?

తెలియక చేయలేదనడానికి మన ప్రభుత్వాలకు అవకాశం లేదు. 1981 ఫిబ్రవరి 7న బెంగళూరులో వీనస్ సర్కస్ డేరా తగలబడి 92 మంది చనిపోయారు, అత్యధికులు పిల్లలే. అయినవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాల దుఃఖాన్ని నిమ్హాన్స్ వైద్యులు అప్పట్లోనే అధ్యయనం చేశారు. ఇదే 44వ నంబరు రహదారి పట్టుకుని పోతే వచ్చే సంస్థ అది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు నగరాన్ని ముంచాయి. సరిగ్గా ఆ డిసెంబరులోనే జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ, విపత్తుల్లో మానసిక, సామాజిక సహాయం ఎట్లా అందించాలో మార్గదర్శకాలు వెలువరించింది. పన్నెండేళ్ల తర్వాత చెయ్యేరు కట్ట తెగింది. గేట్లు ఎందుకు ఎత్తలేదు, తప్పు ఎవరిది అన్నదాని మీద పార్లమెంటులో కేంద్ర మంత్రి మాట్లాడారు, రాష్ట్రం బదులిచ్చింది. ఇళ్ల కోసం బాధితులు ఏళ్లకేళ్లు తిరిగారు. ఇంటికే అంత కాలం పట్టిన చోట, పిల్లల మనసు గురించి అడిగితే నవ్విపోతారేమో.

నవ్వేవాళ్లు వేల్స్‌లోని అబెర్‌ఫాన్ సంగతి తెలుసుకోవాలి. 1966 అక్టోబరు 21న బొగ్గు గని చెత్త గుట్ట జారి బడి మీద పడింది. 116 మంది పిల్లలు, 28 మంది పెద్దలు చనిపోయారు. అదీ నిర్వహణ లోపమే, అక్కడా ముందే హెచ్చరించారు, వినలేదు. బయటపడ్డ పిల్లలను 33 ఏళ్ల తర్వాత వైద్యులు పరీక్షిస్తే, 29 శాతం మందికి ఆ మానసిక గాయం ఇంకా మానలేదు. వాళ్లు అప్పటికి నలభై ఏళ్ల చుట్టుపక్కల ఉన్న మనుషులు. పులపత్తూరు పిల్లలకు ఇప్పుడు మీసాలు వస్తున్నాయి.

ఇక బడి సంగతి. 2025 జూలై 25న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. విశాఖపట్నంలో నీట్ శిక్షణకు వచ్చి చనిపోయిన అమ్మాయి తండ్రి వేసిన కేసులో, అంటే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే ప్రతివాదిగా ఉన్న కేసులో. వంద, అంతకంటే ఎక్కువ మంది విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థ అర్హత గల కౌన్సెలర్‌ను కనీసం ఒకరినైనా పెట్టుకోవాలి, చట్టం వచ్చేదాకా ఈ మార్గదర్శకాలే చట్టం అంది. ఇది చదువు ఒత్తిడి గురించి వచ్చిన తీర్పే అయినా, తండ్రి పోయిన పిల్లకూ ఆ కౌన్సెలరే దిక్కు. మరి మన పల్లెల్లో వంద మంది పిల్లలున్న ప్రాథమిక పాఠశాలలు ఎన్ని? వందలోపు బడులు బయటి నిపుణులతో సంబంధం పెట్టుకుంటే చాలన్నారు. దేశంలో లక్ష జనాభాకు ఒక్క మానసిక వైద్యుడు కూడా లేడనే లెక్క ఏళ్లుగా వినబడుతోంది. పిల్లల మానసిక వైద్యులు అందులో వేళ్ల మీద లెక్కించే వంతు. హొళగుంద బడి పంతులు ఏ నిపుణుడితో సంబంధం పెట్టుకోవాలి? 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు తెలుగులో మాట్లాడతారు, మంచిదే. ఆ ఫోను ఇంట్లో ఎవరి చేతిలో ఉంటుంది? ‘మామా, నీ ఫోన్ ఒకసారియ్యి, నాకు ఏడుపొస్తాంది, ఎవరితోనో మాట్లాడాల’ అని అడగ్గలిగే పిల్లవాడు ఉంటే వాడికి ఆ నంబరు అవసరం లేదు.

మైకులు పట్టుకున్నవాళ్లకూ ఒక మాట. ఆసుపత్రి మంచం మీదున్న పిల్లవాడిని ‘ఏం జరిగింది బాబూ, మీ అమ్మ ఎక్కడ’ అని అడగడం వార్త కాదు. బాల నేరస్థులు, రక్షణ అవసరమైన పిల్లలు, నేరానికి బాధితులో సాక్షులో అయిన పిల్లల గుర్తింపు బయటపెట్టొద్దని బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. ప్రమాదంలో మిగిలిన బిడ్డ ఆ జాబితాలోకి వస్తాడా రాడా అని వాదించుకునే ఎడిటర్లుంటే, వాళ్లు ఒకసారి సొంత బిడ్డను ఆ మంచం మీద ఊహించుకుని వాదించాలి.

‘పిల్లలు మరిచిపోతారులే’ అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ‘మనమంతా అట్లా పెరిగినవాళ్లమే కదా’ అనేవాళ్లూ ఉంటారు. పెరిగాం నిజమే. ఎట్లా పెరిగామో మన తాగుడులో, మన చేతి దురుసులో, చావు మాట వస్తే లేచి పోయే అలవాటులో కనబడుతూనే ఉంది. డబ్బెక్కడిది అనే ప్రశ్నకు జవాబు ఇంకా సులువు. ఈ పిల్లల్లో ఎక్కువ మందికి మానసిక వైద్యుడు అక్కర్లేదు. నిజం చెప్పే ఒక పెద్ద మనిషి, మానకుండా నడిచే బడి, ఇంటి పట్టున ఉండగలిగే తల్లి కావాలి. మిగిలిన కొద్దిమందిని గుర్తుపట్టి కర్నూలు సర్వజన వైద్యశాలకో కడప రిమ్స్‌కో తీసుకుపోయే మనిషి కావాలి. ఆ మనిషి కోసం కొత్త శాఖ పెట్టనక్కర్లేదు. 2019 నుంచి గ్రామ సచివాలయాల్లో సంక్షేమ, విద్యా సహాయకుడు అనే ఉద్యోగి ఉన్నాడు. మహిళా పోలీసు ఉంది. ఊళ్లో ఆశా కార్యకర్త ఉంది, అంగన్‌వాడీ టీచరుంది. ఎవరి మరుగుదొడ్డికి ఫొటో తీశారో లేదో అడిగే సమీక్షలు వారం వారం జరుగుతాయి. తండ్రి పోయిన పిల్ల ఈ నెల ఎన్ని రోజులు బడికి వచ్చిందని ఒక్క సమీక్షలో అడిగితే చాలు, మిగతాది కింద నుంచి అదే కదులుతుంది.

ఏదైనా ప్రమాదం జరిగాక కలెక్టరు సంతకం చేసే సాయం ఉత్తర్వులో, చనిపోయినవారి పేర్లు, వారసుల బ్యాంకు ఖాతాలతో పాటు, ఆ ఇంట్లో పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు ఎందరో రాయాలి. ఒక్కొక్కరికి ఎదురుగా, శిక్షణ పొందిన ఒక ఉపాధ్యాయుడి పేరో సచివాలయ ఉద్యోగి పేరో ఉండాలి. వాత్సల్య దరఖాస్తు ఆ ఉత్తర్వుతోనే ఇంటికి రావాలి. మొదటి నెల, ఆరో నెల, ఏడాది, రెండేళ్లు, ఈ నాలుగుసార్లు ఆ మనిషి ఇంటికి పోయి వచ్చిన తేదీలు రికార్డుకెక్కాలి. ఉద్యోగి బదిలీ అయితే పిల్ల పేరును చార్జి జాబితాలో కొత్తవాడికి రాసి అప్పగించాలి, బీరువా తాళాలు అప్పగించినట్టే. రెండో ఏడాది తేదీ దాటిపోతే సంజాయిషీ ఎవరు ఇవ్వాలో కూడా ఆ కాగితం మీదే రాసి ఉండాలి.